గ్రూప్‌లో ఉన్నాడంతే

గత వారం వీడియోలో ద్యూతసభ ఘట్టం చెప్పుకున్నాం కదా. మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: అంతమంది పెద్దవాళ్లు ఉండి ఎందుకు నోరు మెదపలేదు? దాని మీద రాద్దామనే అనుకున్నాను. కానీ నేను రాయడం మొదలుపెట్టేలోపే మా ఇంట్లోనే ఒక సభ జరిగింది. అందుకని ముందు అది చెప్తాను.

మా అక్కావాళ్లు కొండాపూర్‌లో ఉంటారు. మేనల్లుడు ఎనిమిదో తరగతి. పోయిన శుక్రవారం నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా అక్క వరసగా మూడుసార్లు ఫోన్ చేసింది. స్కూల్ వాళ్లు పిలిచారట. వాళ్ల క్లాసులోకి ఈ ఏడాది మధ్యలో ఒక అబ్బాయి కొత్తగా వచ్చాడు. వాళ్ల నాన్నకి నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం రావడంతో కరీంనగర్ వైపు నుంచి వచ్చారు. ఇంగ్లిష్ పాఠం చదివేటప్పుడు ఆ అబ్బాయికి మాట తడబడుతుంది. ఎవరో అది రికార్డ్ చేసి, వెనక డీజే బీట్ పెట్టి, గురువారం రాత్రి క్లాసు వాట్సాప్ గ్రూప్‌లో వేశారు. టీచర్లు లేని గ్రూప్. ఆ అబ్బాయి మాత్రం ఉన్నాడు.

అక్క గొంతులో కోపం, భయం రెండూ ఉన్నాయి. "మావాడు ఒక్క మాట కూడా అనలేదురా. వీడియో తీసింది వీడు కాదు, పంపింది వీడు కాదు. గ్రూప్‌లో ఉన్నాడంతే. దానికి మమ్మల్ని పిలిచి నిలబెట్టడమేంటి?"

ఆ "గ్రూప్‌లో ఉన్నాడంతే" అన్న మాట నాకు రెండు రోజులు చెవిలో తిరిగింది. ఎందుకంటే భీష్ముడు కూడా అంతే కదా. సభలో ఉన్నాడంతే.

మన వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన ఒక చిన్న భాగం ఉంది. వస్త్రాపహరణం జరిగిన తర్వాత, ద్రౌపది అడిగిన ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పకపోతే, విదురుడు లేచి సభకి ఒక పాత కథ చెప్తాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడు, అంగిరసుడి కొడుకు సుధన్వుడు "నేను గొప్ప అంటే నేను గొప్ప" అని వాదించుకుంటారు. ప్రాణాలు పందెం పెట్టుకుని తీర్పు కోసం ప్రహ్లాదుడి దగ్గరికే వస్తారు. తండ్రి కదా, ఇరుకున పడ్డాడు. తెలిసి జవాబు చెప్పకపోతే ఏమవుతుందని కశ్యపుణ్ణి అడుగుతాడు. అప్పుడు కశ్యపుడు ఒక లెక్క చెప్తాడు. సభలో అధర్మం జరుగుతుంటే ఎవరూ ఖండించకపోతే, ఆ పాపంలో సగం సభకి పెద్దగా ఉన్నవాడికి, పావు వంతు చేసినవాడికి, మిగిలిన పావు వంతు నోరు మూసుకుని కూర్చున్నవాళ్లకి. అదే సభ ఆ తప్పుని తప్పు అని అంటే, పెద్దకీ సభ్యులకీ ఏమీ అంటదు. మొత్తం చేసినవాడి మీదకే పోతుంది.

ఒకసారి ఆ లెక్క మళ్లీ చదవండి. నేనైతే తప్పు చదివానేమోనని రెండుసార్లు చూశాను. చేసినవాడికి పావు. కూర్చున్నవాడికి పావు. పెద్దకి సగం.

గ్రూప్‌కి పెద్ద అంటే ఎవరు? అడ్మినే.

నేనిది పోలికలు కలపడం సరదా కాబట్టి అనడం లేదు. కోర్టు మాట వేరు. 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పింది దాదాపు ఒకటే: గ్రూప్‌లో వేరేవాళ్లు పెట్టిన దానికి, కేవలం అడ్మిన్ అన్నందుకు, అడ్మిన్ మీద నేరం మోపలేం. నాకది న్యాయంగానే అనిపిస్తుంది. అప్పట్లో అడ్మిన్ చేతిలో ప్రధానంగా ఉన్నది మనుషుల్ని చేర్చడం, తీసేయడం. అయితే 2022లోనే వాట్సాప్ ఇంకో అధికారం ఇచ్చింది. గ్రూప్‌లో ఎవరు పెట్టిన మెసేజ్ అయినా అడ్మిన్ అందరికీ పోయేలా డిలీట్ చెయ్యొచ్చు. వేలు పెట్టి నొక్కితే ఆగేదాన్ని ఆపకుండా చూస్తూ కూర్చుంటే, కోర్టు పట్టుకోకపోవచ్చు. విదురుడి లెక్కలో మాత్రం అది సున్నా కాదు.

శుక్రవారం రాత్రి నేను కొండాపూర్ వెళ్లాను. వాడు గదిలోంచి బయటికి రాలేదు. శనివారం పొద్దున్నే టెర్రస్ మీదకి తీసుకెళ్లి, తిట్టనని ఒట్టు పెట్టి, మెల్లగా అడిగితే అసలు విషయం బయటపడింది. మావాడు ఆ గ్రూప్‌లో ముగ్గురు అడ్మిన్లలో ఒకడు. క్లిప్ రాగానే నవ్వే ఎమోజీ పెట్టాడు. ఆ అబ్బాయి ఒక్క మాట మాట్లాడకుండా గ్రూప్ వదిలి వెళ్లిపోయాడు. వెంటనే ఇంకొకడు "వాణ్ని మళ్లీ యాడ్ చెయ్‌రా, వాడు లేకపోతే మజా ఏముంది" అన్నాడు. మావాడు యాడ్ చేశాడు.

"చెయ్యమన్నారు మామయ్యా, చేశా. నేనేమీ అనలేదు కదా?"

నాకు ప్రాతికామి గుర్తొచ్చాడు. ద్రౌపదిని సభకి తీసుకురమ్మని దుర్యోధనుడు మొదట పంపింది దుశ్శాసనుణ్ణి కాదు, ప్రాతికామి అనే సూతుణ్ణి. కేవలం కబురు మోసేవాడు. వెళ్లాడు, ఆమె అడిగిన ప్రశ్న తెచ్చి సభలో చెప్పాడు, మళ్లీ పంపితే జంకాడు. ఆ జంకు చూశాకే దుర్యోధనుడు తమ్ముణ్ణి పంపాడు. జీతానికి పనిచేసేవాడే ఆమెని సభలోకి తేవడానికి వెనకాడాడు. మనవాడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆగాలని వాడికి తెలియదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలియదు.

వాడు తల దించుకుని కాసేపు ఊరుకుని, "నువ్వెప్పుడూ ఇలా చెయ్యలేదా?" అని అడిగాడు.

చేశాను. 2015లో, బీటెక్ రెండో ఏడాది. మా సెక్షన్ గ్రూప్‌కి అడ్మిన్‌ని నేనే. తెలుగు మీడియంలో చదివొచ్చిన ఒకడు సెమినార్ ఇచ్చాడు. వాడు పలికిన నాలుగు ఇంగ్లిష్ మాటల్ని కత్తిరించి ఆడియోగా గ్రూప్‌లో తిప్పారు. నెల రోజులు అదే మా రింగ్‌టోన్, అదే మా జోకు. కాలేజీలో ప్రతి గోడ మీదా ర్యాగింగ్ నేరమన్న పోస్టర్ ఉండేది. మా రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉందని మొదటి రోజే చెప్పారు. కానీ ర్యాగింగ్ అంటే సీనియర్లు చేసేది అనుకున్నాం. ఇది మాలో మేం ఆడుకునే ఆట. వాడు మెల్లగా ల్యాబ్‌కి చివర రావడం, ముందు వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. తర్వాత క్లాసులో ఒక్క ప్రశ్నకి కూడా లేవలేదు, మూడేళ్లు. నేను ఆ ఆడియో తియ్యలేదు, పంపలేదు. గ్రూప్‌లో ఉన్నాను, అంతే. అక్క మాట నాకు ఎందుకు అంతలా తగిలిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మన భాషలో ఇంకో తమాషా ఉంది. "ఊరికే ఏడిపించాం" అంటాం. ఆటపట్టించడానికీ, నిజంగా ఏడ్చేలా చెయ్యడానికీ మనకి ఒకటే మాట. రెండిటికీ మధ్య గీత ఎక్కడుందో ఏడిపించేవాడికి తెలియదు. ఏడ్చినవాడికి తెలుస్తుంది.

ఏడ్చినవాడు ఎవరెవరు నవ్వారో కూడా మర్చిపోడు. మయసభలో దుర్యోధనుడు నీళ్లని నేల అనుకుని పడ్డప్పుడు నవ్విన సంగతి మనందరికీ తెలుసు. సినిమాల్లో అది ఒక్క నవ్వు. కానీ భారతంలో అతను ఇంటికొచ్చి తండ్రి దగ్గర చెప్పుకునేటప్పుడు ఎవరెవరు నవ్వారో ఒక్కొక్కరి పేరూ చెప్తాడు. దారి పొడవునా లెక్కపెట్టుకుంటూ వచ్చాడన్నమాట. దుర్యోధనుణ్ణి నేను సమర్థించడం లేదు, ఆ తర్వాత అతను చేసిన దానికి ఏ నవ్వూ సమాధానం కాదు. నేను చెప్పేది నవ్వు గురించే. మనం బొటనవేలితో పెట్టి మర్చిపోయే పసుపు బొమ్మ, అవతలివాడి ఫోన్‌లో పేరుతో సహా కనిపిస్తుంది. ముప్పై ఒకటి అని కింద అంకె కూడా ఉంటుంది. నొక్కితే మొత్తం జాబితా.

2024 జులైలో మన దగ్గరే జరిగిన కేసు గుర్తుందా? ఒక తండ్రి, చిన్న కూతురు ఉన్న వీడియో మీద ఒక యూట్యూబర్, ఇంకొందరు లైవ్‌లో కూర్చుని చాలా నీచంగా మాట్లాడారు. నటుడు సాయి ధరమ్ తేజ్ ఎక్స్‌లో దాన్ని బయటపెట్టి, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనీ ట్యాగ్ చేశారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, ఆ యూట్యూబర్‌ని బెంగళూరులో అరెస్టు చేశారు. పోక్సో చట్టం కింద కూడా సెక్షన్లు పెట్టారు. నన్ను ఆపింది ఇంకో విషయం. కేసు ఆ ఒక్కడి మీదే కాదు, లైవ్‌లో పక్కన కూర్చున్నవాళ్ల మీద కూడా నమోదైంది. అక్కడ నవ్వులు లేకపోతే ఆ మాటలు అంతసేపు సాగేవా? ఒక్కడు "ఇక చాలు ఆపు" అని ఉంటే?

మన శాస్త్రాల్లో అన్నీ ముందే ఉన్నాయి అని చెప్పే ఫార్వర్డ్ మెసేజ్ లాంటిది కాదు నేను చెప్పబోయేది. కానీ ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి అనే సైకాలజిస్టు 1990లలో స్కూలు పిల్లల మీద చేసిన పరిశోధన చదివితే విదురుడు గుర్తుకు రాక తప్పదు. ఏడిపించేవాడు, ఏడ్చేవాడు ఇద్దరే ఉండరు అంటారామె. సాయం పట్టేవాళ్లు, నవ్వి ఎగదోసేవాళ్లు, చూసి పక్కకి పోయేవాళ్లు, అడ్డుపడేవాళ్లు, ఇలా క్లాసంతా ఏదో ఒక పాత్రలో ఉంటుంది. ఆ తర్వాత ఫిన్లాండ్ స్కూళ్లలో మొదలైన కివా అనే కార్యక్రమం చూసేవాళ్ల మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. ఏడిపించేవాణ్ణి మార్చడం కష్టం, వాడికి చప్పట్లు ఆపడం తేలిక.

తేలిక అన్నాను కానీ పదమూడేళ్ల పిల్లాడికి అది తేలిక కాదు. వికర్ణుణ్ణి చూడండి. కౌరవుల వంద మందిలో ఒక్కడు లేచి, ధర్మరాజు తనని తాను ఓడిపోయాక భార్యని పణం పెట్టే హక్కు లేదు, ఇది గెలుపే కాదు అన్నాడు. కర్ణుడు ఏమన్నాడు? కుర్రవాడివి, పెద్దవాడిలా మాట్లాడుతున్నావు, నీకు ధర్మం ఏం తెలుసు అన్నాడు. ఇవాళ్టి భాషలో "ఓవరాక్షన్ ఆపు". వికర్ణుడి మాట ఆ రోజు ఏమీ మార్చలేదు. తర్వాత యుద్ధంలో అతను అన్నవైపే నిలబడ్డాడు, భీముడి చేతిలో చనిపోయాడు. చంపిన భీముడే అతని కోసం బాధపడ్డాడు. ఒకసారి మాట్లాడితే జీవితమంతా సరైన వైపు ఉన్నట్టు కాదని వికర్ణుడి కథే చెప్తుంది. అయినా ఇన్ని వేల ఏళ్ల తర్వాత కూడా మనం ఆ తొంభై తొమ్మిది మందిలో ఎంతమంది పేర్లు చెప్పగలం?

పిల్లల భయం వేరే ఉంది. మాట్లాడితే రేపు తన క్లిప్ వస్తుంది. టీచర్‌కి చెప్తే చాడీకోరు అన్న పేరు వస్తుంది. మా వాడితో ఇదే మాట్లాడాను. చాడీ అంటే ఒకణ్ణి ఇరికించడానికి చెప్పేది. ఒకణ్ణి బయటికి లాగడానికి చెప్పేది చాడీ కాదు. గ్రూప్‌లో అందరి ముందు ఎదిరించే ధైర్యం లేకపోతే, ఎమోజీ పెట్టకుండా ఉండు. ఆ అబ్బాయికి విడిగా "ఇది నాకు నచ్చలేదు, నువ్వు ఎలా ఉన్నావు" అని రాయి. పెద్దవాళ్లలో ఒక్కరికి చూపించు. వికర్ణుడు అవ్వలేనివాడు కనీసం ప్రాతికామిలా జంకొచ్చు.

ఇక తల్లిదండ్రులు. ఈ పేజీ చదివే మీలో చాలామందికి ఇంకా పిల్లలు లేరు, నాకూ లేరు. కానీ అక్కలు, అన్నలు ఉన్నారు, వాళ్లు ఫోన్ చేసేది మనకే. అక్కకి నేను ప్రహ్లాదుడి కథ మిగతా సగం చెప్పాను. ఎవరీ ప్రహ్లాదుడు? ఒకప్పుడు కన్నతండ్రే హింసిస్తే, గురువులు తండ్రి వైపే ఉంటే, నలిగిపోయిన పిల్లాడు. ఆ పిల్లాడు పెద్దవాడై, తండ్రై, న్యాయపీఠం మీద కూర్చున్నాడు. ఎదురుగా సొంత కొడుకు, పందెం ప్రాణం. "సుధన్వుడే నీకన్నా గొప్ప" అని తీర్పు చెప్పాడు. కొడుకు మీద ప్రేమ కన్నా ధర్మాన్ని పట్టుకున్నందుకు మెచ్చి, సుధన్వుడే విరోచనుడి ప్రాణం తిరిగి ఇచ్చేశాడు.

అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పిల్లాడి అమ్మ నంబర్ స్కూల్ వాళ్లని అడుగుతా" అంది. బావ మాత్రం, పిల్లల గొడవలో పెద్దవాళ్లం దూరితే పెద్దదవుతుంది అన్నాడు. ఆయనది పూర్తిగా తప్పు అనను. కొన్ని గొడవలు నిజంగానే పిల్లలే తేల్చుకుంటారు. అయితే ఒక్కడి మీద ముప్పై మంది పడితే దాన్ని గొడవ అనరు.

ఏడ్చిన పిల్లాడి వైపు కూడా ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో ఆ వైపు ఉన్నవాళ్లూ ఉంటారు. పోతన భాగవతంలో ధ్రువుడు. ఐదేళ్లవాడు. నాన్న ఒళ్లో కూర్చోబోతే సవతి తల్లి సురుచి అనకూడని మాట అంటుంది. నాన్న అక్కడే ఉండి ఊరుకుంటాడు. (గమనించారా, మళ్లీ అదే.) అడవికి పోతున్న ధ్రువుడికి నారదుడు ఎదురై మొదట ఏమంటాడు? నువ్వు ఆడుకునే పసివాడివి, నీకు మానమేంటి, అవమానమేంటి, ఇంటికి పో అంటాడు. మన ఇళ్లలో "లైట్ తీస్కో" అన్నట్టు. దానికి ధ్రువుడు మంచి జవాబిస్తాడు: మీరు చెప్పింది బాగానే ఉంది, కానీ ఆ మాటలు గుచ్చుకున్న నా మనసులో అది నిలవడం లేదు. నారదుడి గొప్పతనం ఆ తర్వాత ఉంది. వాదించలేదు. విన్నాడు, మాట మార్చుకున్నాడు, అప్పుడు మంత్రం ఇచ్చాడు, ఎక్కడికి వెళ్లాలో దారి చూపించాడు. భక్తి మాట రెండోది, వినడం మొదటిది. పిల్లాడు ఏడుస్తుంటే "హనుమాన్ చాలీసా చదువుకో, పోతుంది" అని పంపించేవాళ్లు ఈ వరస తలకిందులు చేస్తున్నారు.

దారి చూపించడం అంటే ఇప్పుడు ఇవి. పిల్లల కోసం 1098. మనసు బాలేకపోతే 14416, టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు. ఆన్‌లైన్‌లో జరిగిన దానికి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్, పిల్లల మీద నేరాలకి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. డిలీట్ అయ్యేలోపు స్క్రీన్‌షాట్, తేదీ, నంబర్ కనిపించేలా తీసి పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: అది పిల్లల అసభ్య ఫోటో గానీ వీడియో గానీ అయితే, సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యొద్దు. ఐటీ చట్టం 67బి కింద పంపడమే నేరం. నేరుగా పోలీసులకి చూపించండి.

శనివారం మధ్యాహ్నం మావాడు ఆ క్లిప్‌ని గ్రూప్‌లోంచి తీసేశాడు. స్క్రీన్‌షాట్లు అప్పటికే స్కూల్ దగ్గర ఉన్నాయి, లేకపోతే ముందు తీయించేవాణ్ణి. తర్వాత పదిసార్లు టైప్ చేసి చెరిపి, చివరికి రెండు వాక్యాలు పెట్టాడు: "అది నేనే డిలీట్ చేశా. వాణ్ని మళ్లీ యాడ్ చేసింది నేనే, తప్పు నాది." ఒకడు వెంటనే బ్రహ్మానందం స్టిక్కర్ వేశాడు. ఇద్దరు విడిగా మెసేజ్ చేశారు, మేం కూడా నవ్వకుండా ఉండాల్సింది అని. మిగతావాళ్లు చూశారు, ఊరుకున్నారు.

సోమవారం స్కూల్ బస్సులో ఆ అబ్బాయికి నేరుగా సారీ చెప్పాడట. వాడు "ఊ" అని కిటికీ వైపు తిరిగిపోయాడట. సాయంత్రం ఫోన్ చేసి, "వాడు క్షమించలేదు మామయ్యా" అని మొహం వేలాడేసుకున్నాడు. రేపు కూడా వాడి పక్క సీట్లో కూర్చో, ఏమీ అడక్కు అన్నాను.

ఆ రాత్రి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర క్యాబ్‌లో ఆగిపోయి, మా బీటెక్ గ్రూప్ తెరిచాను. అది ఇంకా ఉంది, పుట్టినరోజు శుభాకాంక్షలకి మాత్రమే వాడతాం. నేనింకా అడ్మిన్‌నే. సభ్యుల జాబితాలో అతని పేరు లేదు, ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా నేను గమనించలేదు. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే నంబర్ దొరికింది. చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడట, పెళ్లైందట. ఆ ఆడియో గురించి, నేను ఆపగలిగి ఆపకపోవడం గురించి నాలుగు లైన్లు రాసి పంపాను. జవాబు ఇవ్వాల్సిన పని లేదని కూడా రాశాను. మంగళవారం నీలం టిక్కులు పడ్డాయి. ఇవాళ శుక్రవారం.